లైనింగ్ పెరగడం లేదంటున్నారు, స్టెమ్ సెల్ చికిత్స చేయించుకోవచ్చా?

అబార్షన్ తర్వాత డి అండ్ సి (గర్భసంచి లోపల గీకి శుభ్రం చేయడం) చేశారని, అప్పట్నుంచి నెలసరి ఒక రోజు మరకలతో సరిపోతోందని, లైనింగ్, అంటే గర్భసంచి లోపలి పొర, 5 మిల్లీమీటర్లు దాటడం లేదని మీరు రాశారు. ఇప్పుడేమో ఒక సెంటర్ వాళ్ళు స్టెమ్ సెల్స్‌తో కొత్త పొర పుట్టిస్తామని లక్షల్లో అడుగుతున్నారు. నాదీ ఇంచుమించు ఇదే కథ. డాక్టర్ని కాదు గానీ, ఈ ఊబిలో కొన్నేళ్ళు తిరిగినదాన్ని కాబట్టి చెబుతున్నాను. డబ్బు కట్టే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీ గర్భసంచి అడుగు పొర ఇంకా బతికుందా, లేదా?

లోపలి పొరలో రెండు అంతస్తులు. పైది ప్రతి నెలా రాలిపోతుంది. అడుగున కండరాన్ని అంటుకుని ఉన్న పల్చటి పొర మాత్రం కదలదు, మళ్ళీ పెరిగేది అక్కణ్ణుంచే. మాది అనకాపల్లి వైపు, చెరకు ఊరు. తోట కొట్టేశాక నేలలో మిగిలిన మొదళ్ళ నుంచే కార్శి పంట వస్తుంది. కొట్టేవాడు దుబ్బుల్ని కూడా తవ్వి పారేస్తే ఎంత నీళ్ళు పెట్టినా ఏమొస్తుంది? డి అండ్ సిలో క్యూరెట్ అనే గీకే పరికరంతో లోతుగా గీకినప్పుడు జరిగేది అదే. ఎదురెదురు గోడలు పచ్చిగా ఉండి అతుక్కుపోతాయి. 1948లో దీన్ని వివరంగా రాసిన డాక్టరు పేరు మీదే ఆషర్మన్ సిండ్రోమ్ అంటారు.

ఆ దుబ్బుల్లాంటి కణాలు, అంటే స్టెమ్ సెల్స్, ఊహ కాదు. 2004లో ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో కారొలైన్ గార్గెట్ బృందం ఆడవాళ్ళ గర్భసంచి పొర కణాలను విడదీసి పెంచితే, ఒంటరి కణం నుంచి గుంపు కట్టగలిగినవి గ్రంథుల కణాల్లో వెయ్యికి రెండు, వాటి చుట్టూ ఉండే స్ట్రోమా కణాల్లో నూటికి ఒకటి చొప్పున కనబడ్డాయి. ఇంత కొద్ది కణాలు జీవితంలో నాలుగు వందల సార్లదాకా ఆ పొరను మళ్ళీ కడుతున్నాయన్నమాట! అదే ఏడాది అమెరికాలో యేల్‌కు చెందిన హ్యూ టేలర్ ఇంకో విచిత్రం చూపించారు. ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్న నలుగురు ఆడవాళ్ళ గర్భసంచి పొరలో దాత కణాలు దొరికాయి. మజ్జ నుంచి కూడా సాయం వస్తుందని అప్పుడు తెలిసింది.

ఆ సెంటర్ వాళ్ళు మీకు బ్రోషర్ చూపించి ఉంటే, దాని మూలం ఈ అధ్యయనమే అయ్యుంటుంది. 2016లో స్పెయిన్‌లో ఆషర్మన్‌తోనో, పెరగని పొరతోనో ఉన్న 16 మందికి వాళ్ళ సొంత మజ్జ కణాలనే గర్భసంచి రక్తనాళాల్లోకి ఎక్కించారు. దాదాపు అందరికీ నెలసరి తిరిగొచ్చింది, కొందరికి గర్భం నిలిచింది. కానీ పోల్చడానికి చికిత్స ఇవ్వని గుంపు లేదు, పైగా ఆరో నెలకల్లా నెలసరి రోజులు మళ్ళీ తగ్గాయి. బ్రోషర్లో ఈ రెండో సగం ఉండదు లెండి.

నా విషయానికొస్తే, విశాఖలో హిస్టరోస్కోపీ (గర్భసంచిలోకి చిన్న కెమెరా పంపి చూడడం) చేసినప్పుడు అతుకులు ఒక పక్కనే ఉన్నాయని, మిగతా చోట పొర బాగానే ఉందని తెలిసింది. అతుకులు కత్తిరించి, మళ్ళీ అంటుకోకుండా లోపల చిన్న బెలూన్ పెట్టి, ఈస్ట్రోజెన్ మాత్రలు ఇచ్చారు. మెల్లగా నెలసరి దారిలో పడింది, లైనింగ్ 7 మిల్లీమీటర్ల దగ్గరికొచ్చింది. అంతకంటే ముందు ఇంకో చోట నాకూ “స్టెమ్ సెల్” ప్యాకేజీ చెప్పారు. కణాలు ఎక్కణ్ణుంచి తీస్తారండీ అనడిగితే చేతి రక్తమే అన్నారు. అది మెషీన్‌లో తిప్పి ప్లేట్‌లెట్లు వేరుచేసే పీఆర్పీ కదా అంటే, “రెండూ ఒకటేనండి మేడం” అని కౌన్సెలర్ నవ్వింది. ఒకటి కాదు. పీఆర్పీలో పెరుగుదలకు తోడ్పడే పదార్థాలుంటాయి, అదేమీ స్టెమ్ సెల్ మార్పిడి కాదు. ఆ పేరుతో ఆ రేటు అడగడమే నాకు మింగుడు పడలేదు.

నిజంగానే మజ్జ కణాలు ఎక్కిస్తామంటే, వాళ్ళను సీటీఆర్ఐ (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు అడగండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ జబ్బుల్లాంటి ఆమోదించిన కొన్నిటికి తప్ప స్టెమ్ సెల్స్ వాడకం ట్రయల్‌లోనే జరగాలి, అందుకు పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. నంబరు చెబితే సీటీఆర్ఐ వెబ్‌సైట్లో మీరే వెతికి చూసుకోవచ్చు. నీళ్ళు నమిలితే లేచి వచ్చేయండి.

ఇంకొకటి. గర్భసంచి టీబీ పరీక్ష చేశారో లేదో మీరు రాయలేదు. మన దేశంలో ఈ అతుకులకు అదీ పెద్ద కారణమే, అది ఉంటే ముందు టీబీ మందుల కోర్సు పూర్తి చేయాలి. పాత డి అండ్ సి డిశ్చార్జ్ సమ్మరీ, ఎప్పుడైనా హిస్టరోస్కోపీ చేసి ఉంటే ఆ వీడియో కాపీ తీసుకుని, ఆ సెంటర్‌తో సంబంధం లేని గైనకాలజిస్టుకి చూపించండి. అడుగు పొర గురించి వాళ్ళేమన్నారో కింద రాస్తే, నాకు తెలిసినంత చెబుతాను.