దొంగ ఎవరో తెలిశాక కూడా

ప్రశ్న: డిటెక్టివ్ నవలలో దొంగ ఎవరో తెలిసిపోయాక ఇంకేం మిగులుతుంది? మీరేమో విల్కీ కాలిన్స్ రాసిన 'ది మూన్‌స్టోన్' మళ్లీ మళ్లీ చదవమంటారు. 1868 నాటి నవలను ఇప్పటికీ ఎందుకు చదువుతున్నారండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రోజన్నా కోసం చదవండమ్మా. యార్క్‌షైర్‌లో ఒక పెద్దింటి పనిమనిషి ఆమె. ఒకప్పుడు దొంగతనం చేసి జైలుకు వెళ్లొచ్చింది. ఆ ఇంటి అమ్మాయి పుట్టినరోజు రాత్రి మూన్‌స్టోన్ అనే వజ్రం మాయమైతే మనమూ ఆమెనే అనుమానిస్తాం. ఒంట్లో బాగోలేదని గదిలో పడుకుంటుంది, ఎవరికీ చెప్పకుండా ఊళ్లోకి వెళ్తుంది, ఊబి ఇసుక దగ్గర ఒంటరిగా కూర్చుంటుంది. అసలు సంగతి తెలిశాక అవే పేజీలు తిరగేయండి. ఆమె వేసిన ప్రతి అడుగుకూ వేరే కారణం కనిపిస్తుంది. నాకు కన్నీళ్లొచ్చింది రెండోసారి చదివినప్పుడే. మొదటిసారి దొంగను వెతికే తొందరలో ఆ పిల్ల బాధ ఎవరికీ ఆనదు.

కథ అంతా ఒకరే చెప్పరు. ఎవరు చూసింది వాళ్లే చెబుతారు. ఆ ఇంటి వ్యవహారాలు చూసే ముసలి నౌకరు బెటరెడ్జ్ ఏ కష్టమొచ్చినా 'రాబిన్సన్ క్రూసో' తెరిచి అందులో జవాబు వెతుక్కుంటాడు. ఆ ఇంటివాళ్ల బంధువు మిస్ క్లాక్ భక్తి కరపత్రాలు ఇల్లంతా దాచిపెడుతూ, తెర చాటున మాటలు వింటూ, తాను పుణ్యాత్మురాలినని మనసారా నమ్ముతుంది. మనిషి ఎలాంటిదో ఆమె మాటల్లోనే బయటపడుతుంది.

పరిశోధన మాత్రం ఆ అమ్మాయి గది తలుపు మీద చెదిరిన రంగు దగ్గర మొదలవుతుంది. స్థానిక పోలీసు అధికారి దాన్ని కొట్టిపారేస్తాడు. లండన్ నుంచి వచ్చిన సార్జెంట్ కఫ్ ఆ మరక ఎవరి బట్టలకు అంటిందో వెతుకుతాడు. 1860లో ఇంగ్లండ్‌లోని రోడ్ అనే ఊళ్లో నిజంగానే ఒక పసివాడి హత్య జరిగితే, విచర్ అనే డిటెక్టివ్ కనిపించకుండా పోయిన నైట్‌గౌను ఆధారంగా ఆ ఇంటి కూతుర్నే అనుమానించాడు. జనం ఆయన్ను తిట్టిపోశారు. 1865లో ఆమే నేరం ఒప్పుకుంది. కఫ్ పాత్రలో విచర్ నీడ ఉంది.

ప్రశ్న: ఆ వజ్రం మన కోహినూరేనా?
– ఒక పాఠకుడు, సత్తెనపల్లి

జవాబు: కాదు, కల్పితం. కానీ కోహినూరు కథ, రష్యా రాజదండంలో పొదిగిన వజ్రం కథ తన మనసులో ఉన్నాయని కాలిన్స్ ముందుమాటలోనే చెప్పాడు. కోహినూరు కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని నమ్మకం కాబట్టి, మీ ప్రాంతం వాళ్లకు ఈ నవల మీద కాస్త హక్కుందనే అంటాను.

నాకు ఇంకా పెద్ద విషయం అనిపించేది వేరే ఉంది. నవల 1799లో శ్రీరంగపట్నం ముట్టడితో మొదలవుతుంది. అక్కడ మనుషుల్ని చంపి వజ్రం ఎత్తుకెళ్లేది ఒక ఇంగ్లీషు సైనికాధికారి. దాన్ని వెతుక్కుంటూ ఇంగ్లండ్ దాకా వెళ్లే ముగ్గురు బ్రాహ్మణులకు దేవుడి సొత్తు దేవుడికి చేర్చడమే పని. 1857 తిరుగుబాటు జరిగి పదకొండేళ్లే అయిన రోజుల్లో, డికెన్స్ నడిపే వారపత్రికలో, ఇంగ్లీషు పాఠకుల కోసం రాసిన సీరియల్ ఇది. మొదటి దొంగ ఎవరో తొలి పేజీల్లోనే చెప్పేశాడు కాలిన్స్. అంత ధైర్యం ఆ కాలంలో తక్కువమందికి ఉంది.

బెటరెడ్జ్ చెప్పే భాగం కాస్త నెమ్మదిగా నడుస్తుంది. మిస్ క్లాక్ వచ్చేదాకా ఓపిక పట్టండి. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కనుక ఇంగ్లీషు మూలం నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.