గోంగూరకి బూజెందుకు పట్టింది?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. మేడ మీద కుండీల్లో గోంగూర బాగానే వస్తోంది గానీ, పోయినేడాది పెట్టిన నిలవ పచ్చడికి నెల తిరక్కుండానే బూజు పట్టింది. పుదీనా అయితే మే వచ్చేసరికి మాడిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: తడి మిగిలిపోయిందండీ, అంతే. కడిగిన ఆకు పైకి ఆరినట్టే ఉంటుంది, కాడ దగ్గర పట్టుకుంటే మాత్రం చల్లగా తగులుతుంది, ఆ తడి చాలు. పాత నూలు చీర మీద నీడన పరిచి రాత్రంతా వదిలేయండి, తర్వాత నూనెలో ఆకు దగ్గరపడి నూనె పక్కలకి తేలేదాకా మగ్గనివ్వండి. జాడీలో పచ్చడి పైన అర అంగుళం నూనె నిలవాలి, ఉప్పు దగ్గర పిసినారితనం వద్దు (బీపీ ఉన్నవాళ్లు తక్కువ తినండి, తక్కువ వేయకండి). తడి గరిటె పెట్టేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, మా ఇంట్లో అది నేనే, అందుకే వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసి జాడీకి గుడ్డ కట్టేస్తాం. బూజు పట్టింది పైపైన తీసేసి తినొద్దు, పారేయండి.

పుదీనాకి బెజవాడ ఎండ కంటే స్లాబ్ వేడి పెద్ద శత్రువు. కుండీని ఇటుకల మీద పెట్టి, ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోటికి మార్చండి. ఏప్రిల్‌లోపే సగం కోసి నీడన ఆరబెట్టి, ఆకు గలగలమని విరిగాక డబ్బాలో పోసుకుంటే వేసవంతా మజ్జిగలోకి వస్తుంది.