డ్రెయిన్ సంగతి తర్వాత, ముందు ఆ దగ్గు చూపించుకోండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మాది ఖమ్మం. ఇంట్లో బోరు నీళ్లే. బాత్రూమ్‌లో షవర్ కింద నీళ్లు నిలిచిపోతున్నాయి. వారానికోసారి జాలీ తీస్తే గుప్పెడు జుట్టు వస్తోంది. పోయిన ఆదివారం డ్రెయిన్ పౌడర్ వేశాను, లాభం లేదు. గంట ఆగి యాసిడ్ పోసి, దాని మీద బ్లీచింగ్ పౌడర్ చల్లాను. ఘాటుకు కళ్లు మండి బయటికి వచ్చేశాను. ఐదు రోజులైంది. పొడి దగ్గు ఉంది, మెట్లెక్కితే కొంచెం ఆయాసం. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు మూడు రోజులు వేసుకుంటే తగ్గింది, మళ్లీ మొదలైంది. బెల్లం తింటే ఘాటు విరిగిపోతుందని మా అత్తగారు అంటున్నారు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం ఉండేది. డ్రెయిన్ శుభ్రానికి ఆరోగ్యానికి హాని చేయని కెమికల్ ఏదో చెప్పండి డాక్టర్ గారూ.

జవాబు: అమ్మా, మీరు కెమికల్ పేరు అడిగారు. నా కళ్లు మాత్రం "మెట్లెక్కితే కొంచెం ఆయాసం" అన్న మాట దగ్గరే ఆగిపోయాయి. ఉబ్బసం సంగతి మీరు చివర్లో రాశారు, నాకు అదే మొదట కావాల్సింది.

యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్‌లో, బెల్జియంలోని ఈప్ర్ దగ్గర సైనికుల మీదికి వదిలింది ఈ గ్యాస్‌నే. మీ బాత్రూమ్‌లో పుట్టింది కొద్దిగానే కావచ్చు. కానీ తలుపు మూసిన ఆరడుగుల గదిలో ఆ కొద్దీ చాలు. పైగా అది గాలి కంటే రెండున్నర రెట్లు బరువు. వెంటిలేటర్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పైన ఉంటాయి, గ్యాస్ కింద పేరుకుంటుంది. మీరేమో జాలీ పక్కన గొంతుక్కూర్చుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తోముతుంటారు. అంటే గ్యాస్ ఎక్కడ చిక్కగా ఉందో మీ ముఖం సరిగ్గా అక్కడే ఉంది. కొంగుతో అది ఆగదు. శ్వాసనాళాల్లోని తడికి తగలగానే ఆమ్లంగా మారి లోపలి పొరను కాలుస్తుంది.

ఎక్కువగా పీల్చినవారికి మొదట బాగానే ఉండి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. అందుకే ఇలాంటివారిని ఒక రోజైనా కనిపెట్టి ఉంచుతాం. మీకు ఆ గండం గడిచినట్టే ఉంది. కానీ ఐదో రోజుకూ దగ్గు, ఆయాసం ఉన్నాయంటే శ్వాసనాళాలు ఇంకా వాచి ఉండవచ్చు. ఒక్కసారి ఘాటు పీల్చినందుకే నెలల తరబడి ఉబ్బసంలాంటి లక్షణాలు మిగిలిపోయేవాళ్లు ఉన్నారు. పాత ఉబ్బసం తిరగబెట్టడమూ కావచ్చు, మధ్యలో వచ్చిన మామూలు ఇన్‌ఫెక్షనూ కావచ్చు. మిమ్మల్ని చూడకుండా, ఛాతీ వినకుండా ఇదేనని నేను చెప్పలేను.

కాబట్టి ఈ రోజో రేపో ఊపిరితిత్తుల డాక్టరును కలవండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌తో ఆక్సిజన్ చూస్తారు. అవసరమైతే ఎక్స్‌రే, గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష చేయిస్తారు. ఆదివారం జరిగిందంతా వరుసగా చెప్పండి. "డాక్టర్ గారూ, దగ్గు" అని ఊరుకుంటే దగ్గు మందు రాసిచ్చి పంపేయవచ్చు. ఈలోగా పిల్లికూతలు వచ్చినా, మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా, ఆక్సిజన్ 94 కంటే తగ్గినా రేపటి అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక ఆ మాత్రలు. మూడు రోజుల్లో తగ్గి, ఆపగానే మళ్లీ మొదలైందంటే వాటిలో స్టెరాయిడ్ ఉందేమోనని నాకు అనుమానం. నా ఓపీలో వారానికి ఇద్దరు ముగ్గురైనా ఇలాగే వస్తారు. స్ట్రిప్ ఉండదు, కాగితంలో చుట్టిన చిన్న తెల్ల మాత్రలు రెండు చూపించి "ఇవి వేసుకుంటే భలే తగ్గిందండీ" అంటారు. తగ్గుతుందమ్మా, స్టెరాయిడ్ వాపును అణిచేస్తుంది. మీరు కలవబోయే డాక్టర్ కూడా అదే మందు రాయవచ్చు. కానీ ఆయన ఛాతీ విని, షుగర్, బీపీ చూసి, ఎంత మోతాదు, ఎన్ని రోజులు అని లెక్కపెట్టి ఇస్తారు. షాపులో మూడు రోజులకు ఇచ్చి పంపితే జబ్బు నివురుగప్పిన నిప్పులా లోపలే ఉండిపోతుంది, చూపించుకోవాల్సిన ఐదు రోజులూ అలాగే గడిచిపోతాయి. మీ విషయంలో జరిగింది ఇదే కావచ్చు. చదువుకున్నవారు, ఉబ్బసం ఉందని తెలిసినవారు, ఇంత ఆలస్యం చేయకూడదు. మిగిలిన మాత్రలుంటే పారేయకండి, డాక్టరుకు చూపించండి. అత్తగారి బెల్లం మీద నాకు కోపం లేదు, కానీ అది వెళ్లేది కడుపులోకి, ఊపిరితిత్తుల్లోకి కాదు.

డ్రెయిన్ గురించి. హాని చేయని కెమికల్ అంటూ నేను ఒకటి సూచించలేను, అసలు మీకు కెమికల్ అవసరమే లేదనుకుంటున్నా. బోరు నీళ్లలోని సున్నం సబ్బుతో కలిసి కరగని జిడ్డవుతుంది. జుట్టు ఆ జిడ్డును పట్టి ఉండలా చుట్టుకుంటుంది. గ్లోవ్స్ వేసుకుని జాలీ తీసి, కొన వంచిన తీగతో ఆ ఉండను లాగేయండి. నహానీ ట్రాప్‌లో, అంటే జాలీ కింద నీళ్లు దిగే గుంటలో, గిన్నెలాంటి కప్పు ఉంటే ఎత్తి కడగండి, దాని కిందే ఎక్కువ పేరుకుంటుంది. తర్వాత వేడినీళ్లు పోయండి. మరిగేవి వద్దు, పీవీసీ పైపు మెత్తబడుతుంది. ఇంకా కదలకపోతే ప్లంజర్, అదీ కాకపోతే ప్లంబర్. వంటసోడా, వెనిగర్ కలిపితే నురగ బాగానే వస్తుంది కానీ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, జుట్టు ఉండ అక్కడే ఉంటుంది.

డ్రెయిన్ పౌడర్ అంటే మామూలుగా కాస్టిక్ సోడా. దాని మీద యాసిడ్ పోస్తే ఒక్కసారిగా వేడెక్కి ముఖం మీదికి చిమ్మవచ్చు. మీ కళ్లు దక్కడం అదృష్టం. కాస్టిక్ కంట్లో పడితే యాసిడ్ కంటే లోతుగా దిగుతుంది. అలాంటప్పుడు ముందు కుళాయి కింద కనీసం 20 నిమిషాలు కడిగి, ఆ తర్వాతే ఆస్పత్రికి బయల్దేరాలి. చుక్కల మందు కోసం వెతుక్కుంటూ కూర్చోకూడదు.

మిగిలిన యాసిడ్ ఏ సీసాలో ఉందో ఒకసారి చూడండి. కూల్‌డ్రింక్ సీసాలో పోసి బాత్రూమ్ మూల పెట్టడం మన ఇళ్లలో మామూలైపోయింది. దాహమేసి తాగేసిన నాలుగేళ్ల బాబును నేను చూశాను. బాబు బతికాడు, కానీ అన్నవాహిక మూసుకుపోయింది. దాన్ని సాగదీయడానికి ఆ తల్లి నెలనెలా ఆస్పత్రికి తిరిగింది. కంగారులో ఉప్పునీళ్లు తాగించి కక్కించిందట. అది మరీ ప్రమాదం, కాల్చుకుంటూ దిగింది కాల్చుకుంటూనే పైకి వస్తుంది. కక్కించకూడదు, నిమ్మరసం పట్టకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇంకొక్క మాట. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. జాలీలో గుప్పెడు ఇంట్లో అందరిదీ అయితే సరే. అది మీ ఒక్కరిదే అయితే, ఎలాగూ డాక్టరు దగ్గరికి వెళ్తారు కాబట్టి రక్తపరీక్షలో హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూడమని అడగండి.