మీ ఫోనులో ఉన్నది మీ ఒక్కరి సంగతి కాదు

ప్రశ్న: నేను ఎవరికీ అన్యాయం చేసినవాడిని కాను. దాచుకోవలసిన రహస్యాలూ లేవు. అందుకే ఏ యాప్ ఏ అనుమతి అడిగినా ఇచ్చేస్తాను. మా అమ్మాయి మాత్రం ‘అలా ఇవ్వకండి నాన్నా’ అని పోట్లాడుతుంది. తప్పు చేయనివాడికి భయమెందుకో మీరే చెప్పండి.
— ఉద్యోగ విరమణ చేసిన ఒక పాఠకుడు

జవాబు: మీరు తప్పు చేయలేదంటే మనస్ఫూర్తిగా నమ్ముతానండీ. కానీ ఈ వాదనలో మీ అమ్మాయి పక్షానే నిలబడతాను. ఎందుకో చెప్పే ముందు ఒక పని చేయండి. మీ ఫోనులో కాంటాక్టుల జాబితా తెరిచి పైనుంచి కిందికి నిదానంగా చదవండి.

మనం పేర్లు ఎలా రాసుకుంటామో గమనించారా? ‘డాక్టరు - కిడ్నీ’. ‘లాయరు - విడాకులు’. ‘అప్పు ఇచ్చినాయన’. ‘పాత మేనేజరు, ఎత్తవద్దు’. చాలాకాలం డేటాబేస్‌లు చూసుకునే ఉద్యోగం చేసినదాన్ని కాబట్టి, నాకు ఆ జాబితా ఫోను నంబర్ల పట్టికలా కనిపించదు. పేరు పక్కన గుర్తు కోసం రాసుకున్న ఆ ఒకటి రెండు మాటల్లో ఒకరి జబ్బు ఉంటుంది, ఒకరి కాపురం ఉంటుంది, ఒకరి ఇబ్బంది ఉంటుంది. కాంటాక్టులు చూసే అనుమతి ఇచ్చిన క్షణం నుంచి ఆ యాప్ మొత్తం జాబితాను తన సర్వరుకు ఎక్కించుకోగలదు. తర్వాత మీరు మనసు మార్చుకుని అనుమతి వెనక్కి తీసుకుంటే, ఇకముందు చదవడం ఆగుతుంది. అప్పటికే వెళ్లిపోయింది మాత్రం వెళ్లిపోయినట్టే. ఏ సోషల్ మీడియాలోనూ చేరని మనిషి నంబరు కూడా స్నేహితుల ఫోన్ల ద్వారా పదిచోట్లకు చేరేది ఈ దారినే. ఆయనను ఎవరూ అడగలేదు. అడగవలసింది మనం.

ఎన్నికల ప్రచారాలకు సలహాలిచ్చే కేంబ్రిడ్జ్ అనలిటికా అనే సంస్థ వ్యవహారం 2018లో బయటపడింది, గుర్తుండే ఉంటుంది. ఫేస్‌బుక్‌లో వ్యక్తిత్వ పరీక్ష పేరుతో వచ్చిన ఒక యాప్‌ను వేసుకున్నవారు సుమారు 2,70,000 మంది. ఎంతమంది సమాచారం చేతులు మారి ఉండవచ్చంటే, ఫేస్‌బుక్ చెప్పిన లెక్క ప్రకారమే 8.7 కోట్ల మంది వరకు. మిగతావారంతా ఎవరు? ఆ యాప్ వేసుకున్నవారి స్నేహితులు! ‘నాకు దాచుకునేదేమీ లేదు’ అని అనుమతి ఇచ్చినవారు అందులో ఎందరో ఉండి ఉంటారు. వారి స్నేహితులకు ఆ మాట చెప్పే అవకాశమే రాలేదు.

కాబట్టి మీ గురించి మీరు ఎంత నిర్భయంగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. ఇతరుల సంగతి దగ్గర మాత్రం చేయి ఆపండి. ఫోను సెట్టింగుల్లో అనుమతుల పేజీ తెరిచి, కాంటాక్టులు ఏయే యాప్‌లు చూస్తున్నాయో ఒకసారి చదవండి. టార్చిలైటుకు, ఆటలకు మీ బంధుమిత్రుల నంబర్లతో పనేమీ లేదు. ఐఫోను వాడేవారైతే 2024లో వచ్చిన ఐఓఎస్ 18 సాఫ్ట్‌వేర్ నుంచి జాబితా మొత్తం ఇవ్వకుండా ఎంచుకున్న కొద్దిమందిని మాత్రమే చూపించే వీలు ఉంది.

ప్రశ్న: ఇంట్లో మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. సాయంత్రానికల్లా నా ఫోనులో మోకాలి పట్టీల ప్రకటన! నేను దాని కోసం ఎక్కడా వెతకలేదు. ఫోను మా మాటలు వింటోందా?
— ఒక గృహిణి

జవాబు: ఈ ఉత్తరం ప్రతి నెలా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారమ్మా. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సరిగ్గా ఈ అనుమానంతోనే 17,000కు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. దొంగచాటుగా మైకు తెరిచి మాటలు పంపుతున్న యాప్ వారికి దొరకలేదు. కానీ కొన్ని యాప్‌లు తెర మీద మనం చేసేదాన్ని చిత్రాలుగా, వీడియోగా తీసి వేరే సంస్థలకు పంపడం కనిపించింది. దాని గురించి ఎవరూ నాకు ఉత్తరం రాయరు. రాయాలి.

మరి పట్టీల ప్రకటన ఎలా వచ్చింది? మీ ఇంట్లో అందరి ఫోన్లూ ఒకే వైఫై మీద ఉంటాయి. మీవారో, మీ అత్తగారో ఆ నొప్పి గురించి వెతికి ఉంటారు. ప్రకటనలు వేసే సంస్థలకు ఒకే కప్పు కింద ఉండే ఫోన్లను ఒక కుటుంబంగా లెక్కకట్టడం చేతనవును. వినకుండానే తెలుసుకోగలుగుతున్నప్పుడు వినవలసిన అవసరం ఏముంది?

మోకాళ్ల నొప్పి అయితే ఫరవాలేదు. ఒక అమ్మాయి ఇంట్లో ఎవరికీ ఇంకా చెప్పుకోని సంగతి ఏదో వెతికితే, దాని తాలూకు ప్రకటన ఆమె తండ్రి ఫోనులో ప్రత్యక్షమైతే? నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఆ మాట ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో నిర్ణయించుకోవలసింది ఆ అమ్మాయి. మైకు సంగతంటారా, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఐఫోను సాఫ్ట్‌వేర్‌లోనూ, ఆండ్రాయిడ్ 12 నుంచీ మైకు తెరుచుకుంటే తెర పైభాగాన చిన్న రంగు చుక్క వెలుగుతుంది. దాని మీద ఒక కన్ను వేసి ఉంచండి.

ప్రశ్న: మా ఆఫీసులో ఆరోగ్య సర్వే చేస్తున్నారు. పేరు రాయనక్కరలేదట. పుట్టిన తేదీ, స్త్రీయా పురుషుడా, ఇంటి పోస్టల్ కోడు, జబ్బుల వివరాలు రాస్తే చాలట. నిశ్చింతగా రాయవచ్చా?
— పేరు వేయవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: ఇప్పుడున్న రూపంలో రాయకండి. 1990ల్లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి వివరాలను పేర్లు తీసేసి పరిశోధకులకు అందుబాటులో ఉంచారు. అప్పట్లో విద్యార్థినిగా ఉన్న లటాన్యా స్వీనీ 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జ్ నగర ఓటర్ల జాబితా కొన్నారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. ఆ నగరంలోనే ఉండే రాష్ట్ర గవర్నరు విలియం వెల్డ్ పుట్టిన తేదీనే పుట్టినవారు ఓటర్ల జాబితాలో ఆరుగురు. వారిలో మగవారు ముగ్గురు. ఆయన పోస్టల్ కోడులో ఉన్నది ఆయన ఒక్కరే. అంతే, గవర్నరుగారి వైద్య వివరాలు ఏవో తేలిపోయాయి. అమెరికా జనాభాలో 87 శాతం మందిని ఈ మూడు వివరాలతోనే విడిగా గుర్తించవచ్చని ఆమె 2000లో అంచనా వేశారు. మీ ఆఫీసు అడుగుతున్నవి అక్షరాలా ఆ మూడే!

సర్వే చేసేవారికి దురుద్దేశం ఉందని నేను అనడం లేదు. చాలాచోట్ల పాత ఫారం నుంచి ప్రశ్నలు ఎత్తి రాసేస్తారు, ఎవరూ ఆలోచించరు. పుట్టిన తేదీకి బదులు ‘40 నుంచి 49 ఏళ్లు’ అని, పోస్టల్ కోడుకు బదులు జిల్లా పేరు మాత్రమే అడగమనండి. వారి విశ్లేషణకు అది సాధారణంగా సరిపోతుంది. ఒక్కరే అడగడానికి బిడియంగా ఉంటే నలుగురు సహోద్యోగులు కలిసి వెళ్లండి.

ప్రశ్న: ప్రతి వెబ్‌సైటూ కుకీలకు ఒప్పుకోమంటుంది. తిరస్కరిస్తే సైటు పనిచేయదేమోనని ఒప్పేసుకుంటున్నాను.
— ఒక విద్యార్థి

జవాబు: నిరభ్యంతరంగా తిరస్కరించు బాబూ. కుకీ అంటే సైటు మన బ్రౌజరులో దాచిపెట్టే చిన్న గుర్తు. లాగిన్ నిలిచి ఉండడానికి అవసరమైనవి ఎలాగూ ఉంటాయి. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజరు సంస్థలో కుకీని తయారు చేసింది సైటు మనల్ని గుర్తుపెట్టుకోవడానికే. అడ్డు చెప్పవలసింది మన వెంట సైటు నుంచి సైటుకు తిరిగేవాటికి.

ప్రశ్న: నాన్నగారికి 78 ఏళ్లు. బయటికి వెళ్లి దారి మరచిపోతారేమోనని, ఆయనకు చెప్పకుండా ఆయన లొకేషన్ మా ఫోన్లలో కనిపించేలా పెట్టాం. అది తప్పని తమ్ముడు అంటున్నాడు. ఇది ప్రేమే కదా?
— ఒక కూతురు

జవాబు: ప్రేమేనమ్మా, సందేహం లేదు. చెప్పకుండా చేశారే, దానికే నేను ఒప్పుకోలేను.

మ్యాపు మీద చుక్క చూడడం మొదలుపెట్టాక ఏం జరుగుతుందో ఆలోచించండి. మొదట ఆలస్యమైనప్పుడే చూస్తారు. తర్వాత ఊరికే చూస్తారు. ఆయన రోజూ మధ్యాహ్నం ఒకేచోట గంటసేపు ఆగుతున్నారని తెలుస్తుంది. అక్కడ ఏముందని కుటుంబ గ్రూపులో చర్చ మొదలవుతుంది. మీకు పడని పాత స్నేహితుడి దగ్గర కూర్చుంటున్నారేమో, ఎక్కడో ఒంటరిగా కూర్చుంటున్నారేమో. మిమ్మల్ని పెంచి పెద్దచేసిన మనిషికి మధ్యాహ్నం ఒక గంట తనదిగా ఉంచుకునే హక్కు లేదా?

ఆయనకు మతిమరుపు జబ్బు ఉందని డాక్టరు తేల్చి ఉంటే, ఆ డాక్టరుతో మాట్లాడే నిర్ణయించండి. అప్పుడు కూడా చూసేది ఇంట్లో ఒక్కరే కావాలి, చెప్పిన సమయానికి రానప్పుడు మాత్రమే చూడాలి. అలాంటిదేమీ లేకపోతే ఈ ఆదివారమే చెప్పేయండి. తమ్ముడినీ పిలవండి. మీ ఫోను నాన్నగారి చేతికిచ్చి, ఆ మ్యాపులో ఆయన ఎలా కనిపిస్తున్నారో ముందు చూపించండి. ఎలా ఆపుకోవాలో కూడా నేర్పండి. ఉండనివ్వమంటే సరే. వద్దంటే అక్కడికక్కడే, ఆయన చూస్తుండగానే తీసేసి, బయటికి వెళ్లేటప్పుడు ఎవరికి ఫోను చేసి చెబుతారో ఆయననే అడగండి.