మార్కులు పెరిగాయని రాసేముందు

తమ్ముడూ,

షికాగో బడుల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది, చదివిస్తుంది కూడా. కానీ రెండో పేరాలోనే సంస్కరణ ఫలించిందని తేల్చేశావు, అంత తొందరేముంది? అసలు ఏ సంస్కరణ సంగతి చెబుతున్నావు? అక్కడ 1988 చట్టం, తల్లిదండ్రులే ఎక్కువమంది ఉండే స్థానిక కౌన్సిళ్లకు బడి పగ్గాలిచ్చింది, ప్రిన్సిపాల్‌ని ఎంచుకునేదీ వాళ్లే. 1995లో ఇంకో చట్టం వచ్చి మొత్తం వ్యవస్థను మేయర్ చేతిలో పెట్టింది. ఒకటి అధికారాన్ని కిందికి దించింది, రెండోది పైకి లాక్కుంది. రెండింటికీ కలిపి ఒకటే గ్రాఫ్ గీస్తే ఎవరికేం అర్థమవుతుంది?

సరే, అసలు చిక్కు అది కాదు. ఆరో తరగతి సగటు పెరిగిందని రాశావు, ఆ తరగతిలో ఎవరున్నారో చూశావా? తొంభైల మధ్య నుంచి 3, 6, 8 తరగతుల్లో పరీక్ష గట్టెక్కని పిల్లలకు వేసవిలో పాఠాలు చెప్పి, అప్పటికీ మార్కులు రాకపోతే అదే తరగతిలో ఆపేశారు. మూడులో ఆగిన పిల్ల మూడేళ్ల తర్వాత ఆరో తరగతి లెక్కలో ఉండదు. అంటే ఎవరికీ కొత్తగా ఒక్క ముక్క రాకపోయినా సగటు పెరుగుతుంది! అందుకే తరగతిని వదిలేసి పిల్లల వెంట వెళ్లు, ఒకే ఏడాది బళ్లో చేరినవాళ్లు ఏమయ్యారో, ఆగినవాళ్లనీ మానేసినవాళ్లనీ కలుపుకుని చూడు. షికాగో విశ్వవిద్యాలయంలో 1990లో మొదలైన పరిశోధన కన్సార్టియం (బడుల మీద పరిశోధించే బృందం) వాళ్లు కటాఫ్‌కి కాస్త పైనా కాస్త కిందా ఉన్న పిల్లల్ని పోల్చి చూశారు. మూడులో ఆపడం వల్ల చెప్పుకోదగ్గ లాభం కనపడలేదు, ఆరులో ఆగినవాళ్లయితే ఇంకా వెనకబడ్డారు.

మార్కులే అన్నీ తేల్చే చోట కాపీ బెడద ఒకటి (పిల్లలది కాదు, పెద్దలది). బ్రయాన్ జేకబ్, స్టీవెన్ లెవిట్ అనే ఆర్థికవేత్తలు షికాగో పిల్లల పరీక్ష జవాబులనే జల్లెడ పట్టి, ఏటా కనీసం 4-5 శాతం ప్రాథమిక తరగతి గదుల్లో టీచర్లో అధికారులో గట్టిగానే మోసం చేస్తున్నారని అంచనా కట్టారు. చాలామంది పేపర్లలో వరసగా ఒకేలా ఉన్న జవాబులు, ఒక ఏడు అమాంతం లేచి మరుసటి ఏడు కూలిపోయిన మార్కులు, ఇవే వాళ్లు పట్టుకున్న ఆనవాళ్లు.

అలాగని అంతా బూటకమని రాసేయకు, అదీ బద్ధకమే. అమెరికాలోనే న్యూ ఆర్లీన్స్‌లో 2005 కత్రినా తుఫాను తర్వాత బడుల వ్యవస్థనే మార్చేశారు. తుఫానుకి పిల్లలు చెల్లాచెదురయ్యారు, ముందున్నవాళ్లూ తిరిగొచ్చినవాళ్లూ ఒకటి కాదు. అయినా పరిశోధకులు తిరిగొచ్చిన పిల్లల్ని వాళ్ల పాత మార్కులతో పోల్చారు, తుఫాను తాకిన వేరే జిల్లాలతోనూ పోల్చారు, మెరుగుదల నిజమేనన్నారు. అదే ఊళ్లో 7,000 మందికి పైగా బడి ఉద్యోగులు కొలువులు పోగొట్టుకున్నారు. అదీ సంస్కరణ ప్రభావమే, ఏ మార్కుల పట్టికలోనూ కనపడదు, నువ్వే రాయాలి.

పట్టికలో ఆగినవాళ్లకి, బడి మారినవాళ్లకి, మానేసినవాళ్లకి తలా ఒక గడి చేర్చి మళ్లీ పంపు. శీర్షిక ఆఖర్న చూద్దాం.