'బుక్డ్' అని పెట్టిన ఇల్లు మళ్లీ అమ్మకానికి వస్తే కొనొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. నేను, మా ఆయన ప్రైవేటు ఉద్యోగాలు చేస్తున్నాం. ఫోన్ యాప్‌లో వెతుకుతుంటే హసన్‌పర్తి వైపు 150 గజాల్లో కట్టిన ఇల్లు నచ్చింది. మొదట 'అవైలబుల్' అని ఉంది. మేం చూసొచ్చాక 'బుక్డ్' అని మారింది. ఇప్పుడు మళ్లీ 'అవైలబుల్' అంటున్నారు. బ్రోకర్‌ని అడిగితే, "ముందు ఒకళ్లు బయానా ఇచ్చారు గానీ అది పోయినట్టే. ఈ వారంలో రెండు లక్షలు ఇస్తే ఇల్లు మీదే" అంటున్నాడు. ఈ మాటలకు చట్టంలో విలువ ఉందా? టోకెన్ ఇస్తే ఇల్లు మాదవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక సోదరి, హనుమకొండ

జవాబు: అమ్మా, డబ్బు ఇవ్వకముందే అడిగారు, మంచి పని చేశారు. ఇచ్చాక వచ్చేవాళ్లే మా దగ్గరికి ఎక్కువ.

యాప్‌లో పెట్టే అవైలబుల్, హోల్డ్, బుక్డ్, సోల్డ్ అనే మాటలకు చట్టపరంగా విలువ లేదు. బ్రోకరో, యజమానో తమకు తోచినట్టు పెట్టుకునేవే ఇవన్నీ. ఒకరు పది వేల టోకెన్ రాగానే 'బుక్డ్' అంటారు. ఇంకొకరు బయానా కాగితం (అంటే అమ్మకపు ఒప్పందం) రాసుకుని సగం డబ్బు తీసుకున్నాక కూడా, ఇంకా ఎక్కువ ధర వస్తుందేమోనని 'అవైలబుల్' అనే ఉంచుతారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 54 ప్రకారం అమ్మకపు ఒప్పందం ఒక్కదానితో కొనేవారికి ఆస్తిలో హక్కు రాదు. సేల్ డీడ్ రిజిస్టర్ కావాల్సిందే. కాబట్టి రెండు లక్షలతో ఇల్లు మీది కాదు.

అదే లెక్కన మొదట బయానా ఇచ్చినవాళ్లకూ ఆ ఇంటి మీద యాజమాన్యం రాలేదు. కానీ ఒప్పందాన్ని అమలు చేయించుకునే హక్కు వాళ్లకు ఉంటుంది. మీ విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒప్పందాన్ని అమలు చేయించే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ కింద వాళ్లు దావా వేయొచ్చు. బయానా కాగితంలో గడువు తేదీ రాసుకుంటే ఆ తేదీ నుంచి, లేకపోతే యజమాని అమ్మనన్నాడని తెలిసినప్పటి నుంచి మూడేళ్ల సమయం ఉంటుంది. బ్రోకర్ "పోయినట్టే" అన్నంత మాత్రాన ఆ హక్కు పోదు. ఇదే చట్టం సెక్షన్ 19 ప్రకారం, పాత ఒప్పందం సంగతి తెలియకుండా మంచి ఉద్దేశంతో డబ్బు కట్టి కొన్నవారికి రక్షణ ఉంది. తెలిసి కొన్నవారికి లేదు. మీకు తెలుసు కదా! 'బుక్డ్' అని చూశారు, బయానా సంగతి బ్రోకర్ నోటితోనే విన్నారు. ఇదంతా వాట్సాప్‌లో నడిచి ఉంటే రేపు అదే మీకు ఎదురు సాక్ష్యం. రిజిస్ట్రేషన్ మీ పేరు మీద అయిపోయినా సరే, ఆ ఇంటిని మొదటివాళ్లకు రాసివ్వడంలో మీరు కూడా సంతకం పెట్టాలని కోర్టు ఆదేశించే అవకాశం ఉంది.

"ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించాం, క్లియర్‌గా ఉంది" అని చెప్తే అక్కడితో ఆగకండి. ఈసీలో రిజిస్టర్ అయిన పత్రాలే కనిపిస్తాయి. బయానా చాలాసార్లు స్టాంపు కాగితం మీద రాసుకుని, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించి ఇంట్లో దాచుకుంటారు. అది ఈసీలో ఎక్కదు.

అందుకే నేరుగా యజమానిని కలవండి. బయానా కాగితం చూపించమనండి. ఎంత తీసుకున్నాడు, గడువు ఎప్పటిదాకా అన్నది చదవండి. మొదటివాళ్ల సంతకంతో రద్దు పత్రం, వాళ్ల డబ్బు తిరిగి ఇచ్చినట్టు బ్యాంకు ఆధారం అడగండి. ఒప్పందం రిజిస్టర్ అయి ఉంటే రద్దు కూడా రిజిస్టర్ చేయించాలి. వీలైతే వాళ్లతో మీరే ఒకసారి మాట్లాడండి. రద్దు పత్రం మీద సంతకం పెట్టబోమని వాళ్లు అంటే ఆ ఇంటిని వదిలేయండి. నచ్చిన ఇల్లు వదులుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ నెలనెలా ఈఎంఐ కడుతూ కోర్టు వాయిదాలకు తిరగడం అంతకంటే చాలా కష్టం.

వాళ్లు ఎందుకు వెనక్కి తగ్గారో కూడా కనుక్కోండి. డబ్బు సర్దుబాటు కాలేదంటే ఇబ్బంది లేదు. బ్యాంకు లోన్ ఇవ్వలేదంటే మాత్రం కారణం తెలిసేదాకా అడుగు ముందుకు వేయొద్దు. అనుమతికి మించి అంతస్తు లేపి ఉండొచ్చు, ప్లాటుకు ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) కాకపోయి ఉండొచ్చు, లింకు డాక్యుమెంట్లలో (ఇంటి పాత లావాదేవీల పత్రాల్లో) ఒక వారసుడి సంతకం తప్పిపోయి ఉండొచ్చు. నగరంలో కలిసిన ఊళ్లలో పాత గ్రామ పంచాయతీ అనుమతితో కట్టిన ఇళ్లుంటాయి, ఆ కాగితాన్ని జీడబ్ల్యూఎంసీలో (వరంగల్ నగరపాలక సంస్థలో) సరిచూసుకోండి. లేఅవుట్ సంగతి కుడాలో (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థలో) అడగండి. స్థలం చెరువు శిఖంలోకి (చెరువు నీరు నిలిచే భూమిలోకి) వస్తుందా, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉందా అన్నవి కూడా చూడాలి.

ఇవన్నీ తేలాకే బయానా. అది కూడా యజమాని ఖాతాలోకే వేయండి, బ్రోకర్ ఖాతాలోకి వద్దు. స్థిరాస్తి అమ్మకానికి 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషేధం. లోన్ రాకపోయినా, టైటిల్‌లో (యాజమాన్య హక్కులో) లోపం బయటపడినా మొత్తం తిరిగివ్వాలని కాగితంలో రాయించండి. ఆ ఒక్క వాక్యం లేకనే చాలామంది బయానా పోగొట్టుకుంటున్నారు.

యాప్‌లో ఫ్లాట్లు కూడా చూస్తుంటే ఒక మాట. 'రెడీ టు మూవ్' అని ఉంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇంట్లో ఉండేందుకు అనుమతి పత్రం) అడగండి. 'ప్రీలాంచ్' అంటే జాగ్రత్త. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో 8కి మించి ఫ్లాట్లు కట్టేవాళ్లు రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) రిజిస్టర్ కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. రిజిస్టర్ అయ్యాక కూడా అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. 'బ్యాంక్ ఆక్షన్' అని ఉంటే ఇల్లు ఖాళీగా బ్యాంకు స్వాధీనంలో ఉందా, కాగితం మీదే స్వాధీనం చేసుకున్నారా అని అడగండి. రెండోదైతే లోపలున్నవాళ్లను ఖాళీ చేయించే తలనొప్పి మీ మీద పడొచ్చు. మీరు చూస్తున్నది ఒక వ్యక్తి తన సొంతిల్లు అమ్ముకోవడం కాబట్టి రెరా అందులోకి రాదు.

ఇక 'ఈ వారంలోనే' అన్న గడువు బ్రోకర్ పెట్టింది, యజమాని పెట్టింది కాదు. యజమానిని కలిసినప్పుడు బయానా కాగితం, లింకు డాక్యుమెంట్ల జిరాక్సులు తీసుకుని హనుమకొండలో సివిల్ కేసులు చూసే లాయర్ ఎవరికైనా చూపించండి. ఆయన చదివి చెప్పేదాకా రెండు లక్షలు మీ ఖాతాలోనే ఉండనివ్వండి.