చిన్న హాలుకి 5.1 కన్నా 3.1 సౌండ్‌బార్ మేలు

పది బై పన్నెండు హాలు, గోడకి ఆనించిన సోఫా, కింది ఫ్లాట్‌లో పెద్దవాళ్లు, సినిమాల్లో మాటలు సరిగ్గా వినపడవు అన్నారు కదండీ. అయితే 5.1 సెట్ (చుట్టూ అయిదు స్పీకర్లు, బాస్ కోసం ఒక సబ్‌వూఫర్) వద్దు. వెనక స్పీకర్లకి సోఫా వెనక కాస్త జాగా ఉండాలి. మీ హాల్లో అవి చెవి పక్కనే మోగి చిరాకు పెడతాయి.

3.1 సౌండ్‌బార్ (ముందే మూడు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) తీసుకోండి. అందులో మధ్య స్పీకర్ ముఖ్యంగా డైలాగుల కోసమే. 2.1లో అది ఉండదు కాబట్టి ధర తక్కువని దానికి పోకండి. శబ్దం పైనుంచి కూడా వచ్చినట్టు వినిపించే అట్మాస్‌కీ డబ్బు పెట్టకండి. పైకి కొట్టే స్పీకర్లకి చదునైన సీలింగ్ కావాలి, మీదేమో మెట్లు మెట్లుగా ఉన్న ఫాల్స్ సీలింగ్.

టీవీలో ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కి పంపే దారి) అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టుకే కేబుల్ పెట్టండి. సెట్టింగ్స్‌లో ఆడియో అవుట్‌పుట్ పీసీఎం అని ఉంటే బిట్‌స్ట్రీమ్‌కి మార్చండి. పీసీఎంలో చాలా టీవీలు కుడి, ఎడమ అని రెండు ఛానళ్లే పంపుతాయి, మధ్య స్పీకర్‌కి విడిగా ఏమీ రాదు.

అసలు టెన్షన్ సబ్‌వూఫర్‌తోనే. మూలన పెడితే బాస్ బాగా పెరిగి గుంయ్‌మంటుంది. ముందు దాన్ని మీరు కూర్చునే సోఫా మీద పెట్టి, బాస్ ఎక్కువున్న పాట వేసి, హాల్లో నేలకి వంగి నాలుగు చోట్ల వినండి. ఎక్కడ శుభ్రంగా, ఒకే తీరుగా వినపడితే అక్కడే దాన్ని ఉంచండి. కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేస్తే నేల అదరడం తగ్గుతుంది. రాత్రి పదయ్యాక మాత్రం పెద్ద శబ్దాల్ని అణిచే నైట్ మోడ్ ఆన్ చేసి, సబ్ వాల్యూమ్ బాగా తగ్గించండి. మ్యాట్ ఉన్నా బాస్ కిందికి దిగుతుంది.